కుక్కతో కడలి ఒడ్డుకు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

కొన్నేళ్ల కిందటి వరకు సెలవులు దగ్గర పడితే చాలు, ఊరు వెళ్లే నాలుగు రోజులూ కుక్కను ఎవరి దగ్గర వదలాలని అడుగుతూ ఈ శీర్షికకు ఉత్తరాలు వచ్చేవి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం దాన్ని వెంటబెట్టుకొని సముద్రానికి వెళ్లడం ఎలా అని అడిగినవే. ఇది మంచి మార్పు. అయితే హైదరాబాద్ నుంచి సముద్రం దగ్గరిదారి కాదు. అక్కడి గాలి, ఇసుక, మనుషులు, జీవులు మన కాలనీ వీధులకు పూర్తిగా భిన్నం. అందువల్ల ఈ సంచికను పూర్తిగా ఆంధ్ర తీరానికి కుక్కతో వెళ్లదలచినవారి ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా లాబ్రడార్‌కు రెండేళ్లు. నీళ్లు కనిపిస్తే ఆగదు. శనివారం తెల్లవారుజామున కారులో బయలుదేరి, సూర్యలంక చూసుకొని, అదే రాత్రికి ఇంటికి చేరాలని మావారి ఆలోచన. కుక్కకు ఇబ్బంది అవుతుందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అవుతుందమ్మా. కుక్కకే కాదు, కారు నడిపే మీవారికి కూడా ఇబ్బందే. కూకట్‌పల్లి నుంచి సూర్యలంక 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. మధ్యలో ఆగుతూ వెళితే ఆరేడు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినా మీరు ఇసుకలో అడుగుపెట్టేసరికి పదకొండవుతుంది. తీరంలో కుక్కను తిప్పదగిన సమయాలు రెండే: సూర్యోదయం నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తరువాత. మీ ఆలోచన ప్రకారం మొదటిది దారిలోనే గడిచిపోతుంది, రెండవది మొదలయ్యేసరికి తిరుగు ప్రయాణం కట్టవలసి వస్తుంది. అంత దూరం వెళ్లి కుక్కకు మీరు చూపించేది మిట్టమధ్యాహ్నపు ఎండనే.

ఒక రాత్రి బస పెట్టుకోండి. శనివారం పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికి గదికి చేరి, కుక్కను చల్లగా పడుకోనిచ్చి, సాయంత్రం ఒకసారి, ఆదివారం తెల్లవారగానే మరొకసారి ఒడ్డుకు తీసుకువెళ్లండి. పది గంటలకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టవచ్చు. రెండు పూటలూ కలిపితే ఏ నాలుగు గంటలో అవుతుంది. అంతకంటె ఎక్కువ సేపు ఏ కుక్కా సముద్రాన్ని ఆనందించదు, అలసిపోతుంది.

ఇక చోటు సంగతి. హైదరాబాద్‌వారికి అందుబాటులో ఉన్నవాటిలో బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, మచిలీపట్నం దగ్గరి మంగినపూడి ముఖ్యమైనవి. సూర్యలంకలో ఇసుక తీరం విశాలంగా, పొడవుగా ఉంటుంది గనుక జనం గుమిగూడే ప్రవేశ ద్వారం నుంచి ఒక పది నిమిషాలు పక్కకు నడిస్తే మీ కుక్కకు, ఎదుటివారికి కూడా ఊపిరాడే చోటు దొరుకుతుంది. వాడరేవు అందమైనదే కాని అది ప్రధానంగా మత్స్యకారుల ఊరు. ఒడ్డున పడవలు, వలలు, చేపల బుట్టలు ఉంటాయి, వాసన వెంట పరుగెత్తే లాబ్రడార్‌ను అక్కడ పట్టుకోవడం మీకు కత్తి మీద సాము. మంగినపూడికి వెళ్లే దారి సులువు: మన ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలోనే ముగుస్తుంది. అక్కడ సముద్రం లోతు తక్కువ, కెరటాలు నెమ్మది. అయితే ఒడ్డున నల్లని మట్టి ఉంటుంది, తడిసిన బొచ్చుకు అంటుకుంటే వదిలించడం ఓ పని. నీళ్లంటే ప్రాణమిచ్చే కుర్రకుక్క కాబట్టి కారు సీట్లు పాడవడం మీకు పట్టింపు కాకపోతే నేను మంగినపూడికే ఓటు వేస్తాను.

దారిలో రెండు గంటలకు ఒకసారి ఆగి, పావుగంట నడిపించి, నీళ్లు పట్టండి. లారీలు ఆగే చోట్ల, ధాబాల వెనకాల వీధికుక్కల గుంపులు, గడ్డిలో పిడుదులు (గోమార్లు అంటామే, అవే) ఎక్కువగా ఉంటాయి కాబట్టి అక్కడ దించవద్దు. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు కొద్దిగా మాత్రమే తినిపించండి. నిండు కడుపుతో ఎక్కిస్తే చౌటుప్పల్ దాటకముందే కక్కుకుంటుంది. వెనుక సీటులో ఛాతీ పట్టీ వేసి, సీటు బెల్టుకు తగిలించి కూర్చోబెట్టాలి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వడం ఫొటోకు బాగుంటుందేమో గాని, కంట్లో రాయి పడి నా దగ్గరకు వచ్చిన కుక్కలను చూశాను కనుక నేను ఒప్పుకోను. మీరు టిఫిను తినే పది నిమిషాలకైనా సరే, అద్దాలు మూసిన కారులో దాన్ని ఒంటరిగా వదలకండి.

గది తీసుకునేటప్పుడు "కుక్కలను రానిస్తారా" అని మాత్రమే అడిగితే సరిపోదు. గదిలోనే ఉంచనిస్తారా లేక ఆవరణలో కట్టేయమంటారా, వారి సొంత కుక్కలు వదిలేసి తిరుగుతుంటాయా, భోజనానికి మీరు వెళ్లినప్పుడు దాన్ని గదిలో వదలవచ్చా అన్నవి కూడా తెలుసుకొని, ఆ జవాబును ఫోనులో సందేశం రూపంలో పంపమనండి. అక్కడికి చేరాక వరండాలో కట్టేయమంటే రాత్రివేళ వెనక్కి తిరగలేరు.

కార్తీక మాసంలో, మరీ ముఖ్యంగా పౌర్ణమినాడు సముద్ర స్నానాలకు సూర్యలంకకు, మంగినపూడికి వేలాదిగా జనం వస్తారు. ఆ రోజుల్లో, అలాగే డిసెంబరు 31 రాత్రి, కుక్కతో అటు వెళ్లకండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలమన్న సంగతీ గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల సమీపంలోనే. సముద్రం ఎలా ఉండబోతోందో ముందుగా చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్ దగ్గరే, అంటే మీ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. బయలుదేరే ముందురోజు వారి అలల సూచనను చూడండి.

ప్రశ్న: మేము ఫ్లాట్‌లో ఉంటున్నందువల్ల మా బీగిల్‌కు స్వేచ్ఛగా పరుగెత్తే అవకాశమే లేదు. ఎవరూ లేని బీచ్ దొరికితే గొలుసు విప్పి వదిలేయాలని మా పిల్లల కోరిక. పిలిస్తే చాలావరకు వస్తుంది. వదలవచ్చా?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: పిల్లల కోరికలో తప్పేమీ లేదు. కాని మీ ఉత్తరంలోని రెండు మాటల దగ్గర నేను ఆగవలసి వచ్చింది. ఒకటి "చాలావరకు", రెండవది "ఎవరూ లేని".

బీగిల్ వాసన పట్టి వేటాడటానికి తరతరాలుగా పెంచిన జాతి. ఇంటి హాలులో పిలిస్తే వచ్చే బీగిల్, ఎండుచేపల వాసన తగిలాక మీ గొంతు గుర్తుపడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఇసుకలో బొరియలు చేసుకునే పీతలు దానికి మరో ఆకర్షణ. వాటి వెంట కిలోమీటరు దూరం పోయిందని గ్రహించేసరికి అది మీ కంటికి కనిపించదు.

ఎవరూ లేరని మనకు తోచే తీరం నిజానికి ఖాళీగా ఉండదు. పొద్దున్నే అలివి వల లాగే మత్స్యకారులు అక్కడే ఉంటారు. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వలను సముద్రంలోకి చుట్టి తెచ్చి, రెండు వైపులా పదుల మంది నిలబడి గంటల తరబడి లాగుతారు. వల ఒడ్డు చేరే సమయంలో ఒక కుక్క అందులో దూరితే ఆ పూట కష్టం ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇసుక మీద ఆరబెట్టిన చేపలు వారికి అమ్ముకునే సరుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు పరచి బాగుచేసుకుంటుంటారు. వలలో కాలు చిక్కుకున్న కుక్క బెదిరి గింజుకుంటుంది, విడిపించబోయిన చేతిని కరుస్తుంది. ఇసుకలో పాతుకుపోయిన పాత గాలాలు, జెల్ల చేపల ముళ్లు అరికాలిలో గుచ్చుకోవడం మరో సంగతి. ముల్లు ఉన్న గాలాన్ని ఎప్పుడూ వచ్చిన దారినే వెనక్కి లాగకండి. కదలకుండా కట్టు కట్టి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం, చాలామంది హైదరాబాద్ వారికి తెలియనిది, సముద్రపు తాబేళ్ల సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రివేళ మన ఆంధ్ర తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వచ్చి నీళ్ల వైపు పాకుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇవి మొదటి షెడ్యూలులోని జీవులు, అంటే పులికి ఉన్నంత రక్షణ వీటికి ఉంది. వీటి గుడ్లకు తీరంలో ఉన్న పెద్ద శత్రువులలో కుక్క ఒకటి. తాబేలు దాచిన గుంట మన కంటికి ఆనదు, కుక్క ముక్కుకు ఇట్టే తెలుస్తుంది. నాలుగు గీరులతో ఒక తరం పోతుంది. అటవీశాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు వేకువన తీరమంతా తిరిగి గుడ్లను ఏరి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పాతిపెట్టడానికి గల కారణాల్లో ఇదీ ఒకటి. మనకు వాతావరణం హాయిగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలే వాటికి గుడ్లు పెట్టే కాలం కావడం ఇబ్బందికరమే. అయినా అందుకని ప్రయాణం మానుకోనక్కరలేదు. ఆ నెలల్లో చీకటి పడ్డాక, తెల్లవారకముందు కుక్కను ఇసుకలోకి తీసుకురాకండి. పగటిపూట అలలు తడిపే గట్టి ఇసుక మీదే నడిపించండి, పైనున్న పొడి ఇసుకలో, తీగలు అల్లుకున్న దిబ్బల మీద తవ్వనివ్వకండి. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయిన పెద్ద తాబేళ్లు కూడా అదే కాలంలో ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఆ కళేబరాల మీద దొర్లడం కుక్కలకు పరమానందం, తిరుగు ప్రయాణంలో కారులో కూర్చునే మీకు మాత్రం నరకం.

పరుగు కావాలంటే మార్గం ఉంది. పది మీటర్ల పొడవున్న తేలికైన నైలాన్ తాడును మెడపట్టీకి కాకుండా ఛాతీ పట్టీకి కట్టండి. తాడు చివర పెద్దవారి చేతిలో ఉండాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. బీగిల్ ఒక్కసారిగా లాగితే పిల్లవాడి అరచేయి కోసుకుపోతుంది. పది మీటర్ల తాడుతో తడి ఇసుక మీద అటూ ఇటూ పరుగెత్తే కుక్కకు తన స్వేచ్ఛ తగ్గిందన్న బాధ ఏమీ ఉండదు. నిజంగా గొలుసు విప్పి పరుగెత్తించాలంటే అందుకు మన ఊళ్లోనే చోటు ఉంది: జీహెచ్ఎంసీ 2018లో కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. పిలిస్తే వస్తుందో లేదో ముందు ఆ కంచె లోపల పరీక్షించుకోండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. తన అదుపులోని జంతువు వల్ల ఎదుటివారికి ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద నేరం. మీ కుక్క ఎవరినీ కరవకపోవచ్చు; కాని అలల దగ్గర ఆడుకునే మూడేళ్ల పాపకు అది పరుగున వచ్చి మీద పడటమే భయం. తీరంలో తిరిగే వీధికుక్కలు కూడా కొత్త కుక్కను తమ హద్దులోకి సులభంగా రానివ్వవు. అవి చుట్టుముడితే పరుగెత్తకుండా, మీ కుక్కను దగ్గరకు లాక్కొని నెమ్మదిగా వెనక్కి నడవండి. ఎవరికైనా పన్ను గీసుకుపోతే, గాయం చిన్నదైనా సరే, సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. కరిపించుకున్నది మీ కుక్కే అయితే, ఏటా టీకా వేయించినా, ఆ రోజే దాన్ని వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: మా పగ్‌ను మే నెల సెలవుల్లో తీసుకువెళదామనుకుంటున్నాము. సముద్రం దగ్గర గాలి చల్లగానే ఉంటుంది కదా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మే నెలలో పగ్‌ను తీసుకువెళ్లవద్దు. గాలి వీచినంత మాత్రాన చల్లదనం వచ్చినట్టు కాదు. మనకు చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది; కుక్కకు చెమట పట్టేది దాదాపుగా అరికాళ్లలోనే. అది రొప్పుతూ, నాలుక మీది తడిని ఆవిరి చేసుకుంటూ ఒంటి వేడి దించుకుంటుంది. హైదరాబాద్ ఎండ పొడి ఎండ. కోస్తా గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల ఆ ఆవిరి కావడమే సరిగా జరగదు. పైగా పగ్, షిట్‌జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు పుట్టుకతోనే గాలి దారులు ఇరుకు. మన దగ్గర 38 డిగ్రీల ఎండను ఓర్చుకున్న పగ్ అక్కడ 34 డిగ్రీలకే కుప్పకూలవచ్చు.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చేయకూడదు. నాలుక ముదురు ఎరుపుకు తిరగడం, చొంగ చిక్కగా తీగలు సాగడం, అడుగు తడబడటం, పిలిచినా పట్టించుకోకపోవడం ముందుగా కనిపించే గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద, మరీ ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య మామూలు చల్లటి నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ వైద్యుడి దగ్గరకు బయలుదేరండి. తడి తువ్వాలు కప్పి అలా ఉంచేయవద్దు. కాసేపటికి అదే వేడెక్కి లోపలి వేడిని బయటకు పోనివ్వదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లడం మానకండి, ఎందుకంటే మూత్రపిండాలకు జరిగిన నష్టం మర్నాటికి గాని బయటపడదు.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పగ్‌కు అనువైన కాలం. అప్పుడైనా మీ అరచేతి వెనుక భాగాన్ని ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

ప్రశ్న: విశాఖపట్నంలో మా అత్తగారిల్లు. కారులో అంత దూరం కష్టం కాబట్టి సికింద్రాబాద్ నుంచి రైలులో మా దేశీ కుక్కను తీసుకువెళ్లాలనుకుంటున్నాము. త్రీ టైర్ ఏసీలో మా కాళ్ల దగ్గర పడుకోబెట్టుకోవచ్చా? అక్కడ ఏయే చోట్లకు తిప్పవచ్చు?
— ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: త్రీ టైర్‌లో కుదరదు. టూ టైర్ ఏసీ, స్లీపర్, చైర్‌కార్ వేటిలోనూ కుక్కను అనుమతించరు. ఆ లెక్కన వందేభారత్‌నూ మరచిపోవాలి. రైల్వే నిబంధనల ప్రకారం దారులు రెండే. ఏసీ ఫస్ట్ క్లాస్‌లో రెండు బెర్తుల కూపే గాని, నాలుగు బెర్తుల క్యాబిన్ గాని పూర్తిగా మీ పేరు మీదే ఉంటే కుక్క మీతో ప్రయాణించవచ్చు. లేదా గార్డు ఉండే బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలో పంపవచ్చు. రాత్రంతా సాగే ప్రయాణంలో ఆ ఇరుకు పెట్టెలో, చీకటిలో, చప్పుడులో మనుషులకు అలవాటైన కుక్కను ఉంచడం నాకు ఇష్టం లేదు. ఏసీ ఫస్ట్ దొరకకపోతే అత్తగారినే ఇటు రమ్మనడం మేలు.

రెండు టికెట్లు తీసుకున్నంత మాత్రాన కూపే వస్తుందన్న హామీ లేదు. బెర్తుల కేటాయింపు చార్టుతో పాటే జరుగుతుంది కాబట్టి, కుక్క ఉన్న సంగతి తెలుపుతూ రిజర్వేషన్ అధికారులకు ముందుగా వినతిపత్రం ఇవ్వాలి. కేటాయింపు తెలిశాక బండి వేళకు తగినంత ముందుగా స్టేషను పార్శిల్ కార్యాలయానికి వెళ్లి, టీకాల పుస్తకం, ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు చూపించి, కుక్కకు లగేజీ చార్జీ కట్టి రసీదు తీసుకోవాలి. బుక్ చేయకుండా తీసుకువెళుతూ పట్టుబడితే ఆరు రెట్లు వసూలు చేస్తారు. ఎక్కే ముందు స్టేషను బయట బాగా నడిపించి, కడుపు ఖాళీ చేయించండి. పాత దినపత్రికలు, దాని దుప్పటి వెంట ఉండాలి. కొత్త దుప్పటి కన్నా వాడుకలో ఉన్న మాసిన దుప్పటి దానికి ఎక్కువ ధైర్యమిస్తుంది.

విశాఖ విషయానికి వస్తే, ఆర్కే బీచ్ దగ్గర సాయంత్రం జనం, బండ్లు, గుర్రాల మధ్య కుక్కను తిప్పడం దాన్ని హింసించడమే. వేకువన ఆరింటికి అదే బీచ్ రోడ్డు వేరే ఊరులా ఉంటుంది. రుషికొండకు మాత్రం కుక్కతో వెళ్లకండి. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు దానికి 2020లో వచ్చింది. బీచ్‌లోకి కుక్కలు, ఇతర పెంపుడు జంతువుల రాకను కచ్చితంగా నియంత్రించాలన్నది ఆ గుర్తింపు షరతులలో ఒకటి. ఇంకా ముందుకు, భీమిలి వైపు సాగితే గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి కాలపు సమాధులు, తీరిక నిండిన ఒక పాత ఊరు కనిపిస్తాయి. నా లెక్కలో విశాఖ తీరంలో కుక్కతో ఒక పూట గడపడానికి భీమిలిని మించినది లేదు. అయితే నది ముఖం దగ్గర ప్రవాహం కనిపించినంత నెమ్మది కాదు, అక్కడ నీళ్లలో దించకండి. దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన చోటు. వేల ఏళ్లుగా పేరుకొని గట్టిపడిన ఆ ఇసుకను మీ కుక్క గోళ్లకు అప్పగించవద్దు, రోడ్డు మీది నుంచి చూడండి చాలు. తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, కంబాలకొండ అభయారణ్యం చూడాలనుకుంటే ఆ పూట కుక్కను అత్తగారి దగ్గర వదలండి.

నాటు కుక్కను పెంచుకుంటున్నందుకు ప్రత్యేకంగా అభినందనలు. ఈ ఎండకు, ఈ తేమకు తట్టుకోవడంలో దానికి సాటి వచ్చే జాతి లేదు. చిక్కల్లా ఒకటే, పారిపోతే వీధికుక్క అనుకొని ఎవరూ పట్టించుకోరు. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు చెక్కించిన బిళ్ల తప్పనిసరి.

ప్రశ్న: పోయిన ఏడాది మా కుక్క బీచ్‌లో ఉప్పునీళ్లు తాగి రాత్రంతా వాంతులు, విరేచనాలతో బాధపడింది. ఈసారి ఏం జాగ్రత్త తీసుకోవాలి? తిండి విషయంలో కూడా చెప్పండి.
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దాహం వేసిన కుక్కకు సముద్రం కూడా నీళ్లే. బంతిని అలల్లోకి విసిరి తెమ్మన్నప్పుడల్లా అది రెండు గుక్కలు మింగుతుంది. కొద్దిగా తాగితే విరేచనాలతో పోతుంది. ఎక్కువైతే రక్తంలో ఉప్పు పెరిగి, తూలడం, వణకడం, మూర్ఛ వంటివి వస్తాయి. అది ప్రాణాంతకం, ఇంటి వైద్యానికి లొంగదు. అందువల్ల ఇంటి నుంచి మంచినీళ్లు పెద్ద డబ్బాతో తీసుకువెళ్లి, పావుగంటకు ఒకసారి పిలిచి తాగించండి, బంతి ఆటను నీళ్ల వైపు కాకుండా ఇసుక మీదే ఆడించండి. అలల్లో ఆట పది నిమిషాలు దాటకూడదు. లోపలికి కొట్టుకుపోతున్నట్టు కనిపిస్తే మీరు మాత్రం నీళ్లలోకి దూకవద్దు. కుక్క తేలుతుంది, చాలాసార్లు తనంత తానే పక్క నుంచి ఒడ్డెక్కుతుంది, వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కేది మనిషే. ఛాతీ పట్టీకి కట్టిన పొడవాటి తాడు ఇక్కడ కూడా పనికొస్తుంది.

తిండి విషయంలో నా భయమంతా బీచ్ బండ్ల గురించే. తిని పారేసిన మొక్కజొన్న కండె ముక్కను కుక్క మింగితే అది పేగులో అడ్డుపడుతుంది, ఆపరేషను తప్ప మార్గం ఉండదు. సముద్ర తీరానికి వెళ్లి వచ్చిన కుక్కల కడుపులో నేను వెతికే మొదటి వస్తువు అదే. పిడత కింద పప్పులో, మిర్చి బజ్జీ మీద చల్లే ఉల్లిపాయ ముక్కలు కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. వేపిన చేపను ముల్లు తీయకుండా పెట్టవద్దు. మత్స్యకారులు ఏరి పారేసే చేపల్లో బంతిలా ఉబ్బే ముళ్ల చేప కూడా ఉంటుంది. దాని విషానికి విరుగుడు మందు లేదు, ఒడ్డున పడి ఉన్న ఏ చేపనూ నోట పెట్టనివ్వకండి. జెల్లీ చేప కుట్టి మూతి వాచితే మంచినీటితో కాకుండా సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న తీగలను పట్టకారుతో తీసేయండి. రెండు పూటల భోజనం, మీ ఇంట్లో ఏది పెడతారో అదే, డబ్బాలో పెట్టుకు వెళ్లండి. పెరుగన్నం అలవాటైన కుక్కకు పెరుగన్నమే. కొబ్బరి బోండాం నీళ్లు రెండు గుక్కలు తాగితే ఏమీ కాదు.

ప్రశ్న: మా పొమేరియన్‌కు వేడి చేయకుండా బొచ్చు మొత్తం గొరిగించి తీసుకువెళ్లాలా?
— ఒక పాఠకుడు, సైదాబాద్

జవాబు: వద్దు. ఆ బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. గొరిగిస్తే చర్మం కమిలిపోతుంది, కొన్నిసార్లు బొచ్చు మళ్లీ సరిగా రాదు కూడా. చిక్కులు తీసి, పాదాల మధ్య, పొట్ట కింద కాస్త కత్తిరిస్తే చాలు.

ప్రశ్న: మా కుక్కపిల్లకు మూడు నెలలు. దాన్ని కూడా తీసుకువెళ్లవచ్చా? వెళ్లి వచ్చాక ఏం చేయాలో కూడా చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, ఎల్.బి. నగర్

జవాబు: టీకాల వరుస పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు నిండి, చివరి టీకా వేయించి రెండు వారాలు గడిచేదాకా పిల్లను ఇల్లు కదిలించకండి. వీధికుక్కలు తిరిగే ఇసుకలో, పిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో క్రిమి నెలల తరబడి బతికి ఉండగలదు. ఈ ఏడాదికి ఎవరైనా దగ్గరివాళ్లను ఇంట్లో దానికి తోడుగా ఉంచి వెళ్లండి.

పెద్ద కుక్కలతో వెళ్లి వచ్చినవారు ఒడ్డు నుంచి రాగానే మంచినీటితో ఉప్పును, ఇసుకను పూర్తిగా కడగాలి; ఉప్పు ఆరిపోతే కుక్క నాకుతూనే ఉంటుంది, దురదలు మొదలవుతాయి. లాబ్రడార్, బీగిల్, కాకర్ వంటి వేలాడే చెవుల జాతులకు చెవి లోపల దూదితో తడి అద్దాలి, పుల్లలు పెట్టి కెలకకూడదు. కాలివేళ్ల సందుల్లో పల్లేరు కాయలు గుచ్చుకున్నాయేమో, ఇసుక ఒరుసుకుపోయి అరికాలి చర్మం లేచిందేమో చూడండి. పిడుదులను చెవుల వెనుక, చంకల్లో, తోక మొదట్లో వెతికి, పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగేయాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వంటివి చేయవద్దు. ఆ పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుట్టిన వెంటనే కనిపించదు. ఊరి నుంచి తిరిగి వచ్చిన మూడు వారాల లోపు తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా రక్తపరీక్ష చేయించండి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలలో గాని, మీ దగ్గరి వైద్యుడి వద్ద గాని చూపించేటప్పుడు, ఫలానా తేదీన ఫలానా తీరానికి వెళ్లి వచ్చామని మొదటే చెప్పండి.